పసుపు చేపకు అమ్మవారు

ఏప్రిల్ 20, ఆదివారం

హాల్లోని టీవీని అత్తమ్మ గదిలోకి మార్చిన రోజే నాకు అర్థం కావాల్సింది, ఈ ఇంట్లో ఇక చూడాల్సింది నీళ్లనేనని. సంక్రాంతి సెలవులు అయిపోయినప్పటి నుంచి ఆ గాజు తొట్టిలో ఒకే ఒక్క నీలం చేప తిరుగుతోంది. ఇవాళ రెండోది వచ్చింది. మా ఆయన సంపత్ హైదరాబాద్ పోయి తెచ్చాడు. ఏసీ బస్సులో, ఒళ్లో పెట్టుకుని! నా ఆపరేషన్‌కు దుబాయిలో కూర్చుని ఫోన్లో "ఎట్లున్నవ్" అని అడిగిన మనిషి. చేపకు మాత్రం ఏసీ బస్సు.

చేప బాగుంది, కాదనను. అరచేతంత ఉంటుంది, ఒళ్లంతా పసుపు పూసినట్టుంది. సముద్రపు చేపట. కరీంనగర్ నుంచి సముద్రం ఎటువైపో మా ఎనిమిదో తరగతి పిల్లలకు మ్యాపులో పెట్టమంటే సగం మంది తప్పు పెడతారు. అంత దూరం.

సంచి విప్పి తొట్టిలో వదిలేస్తే అయిపోతుందనుకున్నాను. కాదట. బకెట్లో పెట్టి, మెడికల్ షాపు నుంచి తెచ్చిన సెలైన్ గొట్టంతో మా తొట్టి నీళ్లను అందులోకి చుక్కచుక్కగా వదిలాడు. అత్తమ్మ నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"దీనికేమన్న జరమచ్చిందారా?"

"కాదవ్వా. మన నీళ్లు దీనికి కొత్త. ఒక్కపారే ఏస్తే తట్టుకోదు. మెల్లమెల్లగ అలవాటు చెయ్యాలె."

"నేను ఈ ఇంటికి కోడలిగ అచ్చిన్నాడు నాకెవ్వలు గిట్ల చెయ్యలే."

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తమ్మ మాటకు నేను మనసారా తలూపడం ఇదే మొదలు.

హాల్లో లైటు వేయొద్దన్నాడు. గట్టిగా మాట్లాడొద్దన్నాడు. కూలర్‌ను తొట్టి వైపు తిప్పాడు. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. ఇంట్లో ఉన్నది ఒక్క కూలర్. ముగ్గురు మనుషులం వంటింట్లో చెమటలు కక్కుతూ, గుసగుసగా అన్నం తిన్నాం.

ఏప్రిల్ 21, సోమవారం

నీలం చేప కొత్తదాన్ని తరుముతోంది. అత్తమ్మ దానికి సర్పంచ్ అని పేరు పెట్టింది.

ఏప్రిల్ 22, మంగళవారం

పక్కింటి రుక్సానా వాళ్ల మంథని చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చింది. "దుబాయి చేప" అట. ఆ చేప దుబాయి మొహం చూడలేదని చెబితే వినేదెవరు? ఒకాయన గాజు మీద వేలితో టకటకా కొట్టాడు. పసుపు చేప రాళ్ల వెనకకు పోయింది, మళ్లీ బయటికి రాలేదు. వచ్చిన వాళ్లకు చాయ్, బిస్కెట్లు నావి.

ఏప్రిల్ 24, గురువారం

ఇవాళ్టి నుంచి బడికి సెలవులు. ఈ సెలవుల కోసం ఏడాదంతా ఎదురుచూశాను, పొద్దెక్కేదాకా పడుకోవచ్చని. తెల్లవారకముందే సంపత్ లేపాడు.

"పద్మా, జర లే. అది తింటలేదు."

"నిన్న నేను గూడ తినలే, తలనొప్పికి. నన్ను అడిగినవా?"

అడగలేదని ఒప్పుకున్నాడు. అదొక్కటి ఉంది ఆయనలో, అబద్ధం ఆడడం రాదు. లేచి వెళ్లి చూస్తే పసుపు చేప మూలన నిలబడి ఉంది, తోక చివర కొంచెం చిరిగి ఉంది. సర్పంచ్ పని.

"నీలందానికి గా సందుల ఇల్లున్నది. తన ఇంట్లకు ఎవలో అచ్చిండ్రని దాని కోపం" అన్నాడు. "రాళ్లన్ని మార్చి పెడ్త. అప్పుడు దానికి గూడ ఇల్లు తెల్వదు. రెండు కొత్తయే అయితయి. కొట్లాట బంద్."

ముందు సర్పంచ్‌కు కడుపు నిండా మేత పెట్టాడు. తర్వాత భుజాల దాకా చేతులు నీళ్లలో పెట్టి ఒక్కో రాయీ తీసి, తిప్పి, మళ్లీ పేర్చాడు. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. అది నిజంగానే పని చేసింది. సర్పంచ్ తన గుమ్మం ఎక్కడుందో తెలియక సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంది, ఎవరినీ తరమలేదు.

ఒకటి మాత్రం రాసుకోవాలి. చేతులు నీళ్లలో ఉన్నంతసేపు ఈయన వేరే మనిషి. తొణకడు, తొందరపడడు, ఎవరినీ ఏమీ అడగడు. నీళ్లలోంచి చేతులు తీశాడంటే మళ్లీ చుట్టమే. గ్లాసులు ఎక్కడుంటాయో నిన్న కూడా అడిగాడు. దీపావళికి వచ్చిన మనిషి, ఇక పోనని చెప్పి వచ్చిన మనిషి, గ్లాసుల గూడు ఇంకా తెలియదు!

ఏప్రిల్ 26, శనివారం

ఏజెంట్ అవేజ్ ఫోన్ చేశాడు. అక్కడి కంపెనీ వాళ్లు సంపత్‌నే మళ్లీ అడుగుతున్నారట. అదే పని, హోటళ్లలో, మాల్స్‌లో చేపల తొట్లు చూసుకోవడం. ఈసారి సూపర్వైజర్. హైదరాబాద్ వెళ్లి మెడికల్ పరీక్షలు చేయించుకుంటే వీసా వచ్చేస్తుంది.

నేను పప్పు కడుగుతున్నాను. "మరేమంటవ్?" అన్నాను, కుళాయి కట్టేయకుండానే.

"ఈడ ఉప్పునీళ్ల శాపలు ఎవలు కొంటరు పద్మా? ఆడనైతే నాకు పనెర్క." హాల్లో తొట్టి వైపు చూసి, "గీ పచ్చది జర మంచిగ కానీ. తేరుకోంగనే పోయి మెడికల్ చేయించుకుంట. నడుమల ఇడ్సిపెట్టి పోతే అది బత్కది" అన్నాడు.

"అది సస్తేనో?"

"సస్తే ఇగ నాకీడ ఏం పని?"

ఇక్కడే చేపల దుకాణం పెడతానన్నాడు, దానికి గది దొరకకముందే బోర్డు రాయించి తెచ్చాడు. మంచం కింద ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ బోర్డు మీద నీలం అలలు కూడా వేయించాడు.

పోతే పోనీ. నాకేం? ఇన్నేళ్లు ఒక్కదాన్నే నడిపాను. గ్యాసు బండ, కరెంటు బిల్లు, అత్తమ్మ షుగర్ మాత్రలు, అన్నీ నేనే. ఇంకా సులువవుతుంది, కూలర్ ఇటు తిప్పుకోవచ్చు. ఇందాక అక్షరాలు వంకర పోయాయి. కరెంటు లేదు, చెమటకు పెన్ను జారుతోంది, అంతే.

ఏప్రిల్ 29, మంగళవారం

సంపత్ బజారుకు పోయాడు. తొట్టిలో నీళ్లు బెత్తెడు తగ్గి కనిపించాయి. కూలర్ గాలికి, ఈ ఎండకు తగ్గవా మరి. సాయం చేద్దామని, ఆయన కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లు మగ్గుతో తెచ్చి పోశాను. తిరిగి వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"నీళ్లు ఎగిరిపోతయిగని, ఉప్పు ఎగిరిపోతదా టీచరమ్మా?"

సముద్రపు నీటి నుంచి ఉప్పు ఎలా తయారు చేస్తారు? ఏడో తరగతి. నేనే చెబుతాను. బోర్డు మీద బొమ్మ కూడా వేస్తాను. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మిగులుతుంది. ఉప్పు మిగిలిన నీళ్లలో మళ్లీ ఉప్పునీళ్లు పోసి వచ్చింది సైన్సు టీచరు పద్మలత.

"నేనైతే మంచినీళ్లే పోద్దును" అంది అత్తమ్మ. పోసేది కాదు. గుప్పెడు దొడ్డుప్పు వేసేది.

మే 2, శుక్రవారం

గోరుచుట్టు మీద రోకటి పోటు. పొద్దున్నే పసుపు చేప ఒంటి నిండా తెల్లటి చుక్కలు, ఉప్మా రవ్వ చల్లినట్టు. రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటోంది.

సంపత్ వెంటనే మందుల డబ్బా తీశాడు. "ఇది ఈ జాతికి జల్ది అస్తది. బెదిరితే అస్తది, నీళ్లు మారితే అస్తది. ఏరే తొట్టిల ఏసి మందెయ్యాలె" అన్నాడు. నా మగ్గు గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే కనీసం తిరిగి నాలుగు అనేదాన్ని.

అత్తమ్మ వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుని గాజుకు మొహం ఆనించి చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించింది.

"తల్లి పోసింది."

"అవ్వా, ఇది పురుగు. నీళ్లల్ల ఉంటది."

"నోరు మూసుకోరా. తల్లి ఉన్నప్పుడు గట్ల అనద్దు. ఒళ్లంత పసుపు, పసుపు మీద పొక్కులు. ఇంకేం గావాలె?"

గంటలో గుమ్మానికి వేపమండలు వేలాడాయి. ఇక ఇంట్లో తాలింపు వేయొద్దు. కూర వండొద్దు, అంటే మాంసం. బయటి వాళ్లను లోపలికి రానీయొద్దు. గొంతు పెంచొద్దు. తల్లికి నీళ్లు పోసేదాకా ఇంట్లో వాళ్లెవరూ గడప దాటి ఊరికి పోవద్దు.

చేపకు అమ్మవారు! నేను బీఎస్సీ బీఈడీ.

మే 3, శనివారం

తాలింపు లేని పప్పు.

మే 5, సోమవారం

దుకాణంలో రంగు చేపలు పెడదామని కొన్న చిన్న తొట్టిని వెనక గదిలో పెట్టి, అందులో మందు కలిపి పసుపు చేపను వేశాడు. కిటికీకి పాత దుప్పటి కట్టాడు, వెలుతురు తగలకుండా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి టార్చి పట్టుకుని చుక్కలు చూడడం నా పని. ఆయనకు దగ్గరి చూపు ఆనదు, కళ్లజోడు పెట్టుకోవడానికి నామోషీ.

సర్పంచ్‌కు ఏమీ కాలేదు. అలాంటి వాళ్లకు ఏమీ కాదు.

ఒప్పుకోక తప్పదు, అత్తమ్మ వేపమండల పుణ్యాన ఒక్క మనిషీ చేపను చూడడానికి రాలేదు. రుక్సానా కూడా గేటు బయట నుంచే, "పద్మక్కా, చాపకు మాతా అచ్చిందంట గదా?" అని అడిగింది. నవ్వు ఆపుకోలేక దుపట్టా నోట్లో కుక్కుకుంది. ఆపుకోకుండా నవ్వినా నేను ఏమీ అనేదాన్ని కాదు.

మే 7, బుధవారం

రేపు మెడికల్‌కు రమ్మని అవేజ్ ఫోన్. సంపత్ సంచిలో రెండు జతల బట్టలు సర్దుకున్నాడు. చేప ఇంకా తేరుకోలేదు కదా, పోనంటాడేమో అనుకున్నాను. ఊరికే అనుకున్నాను. "పొద్దున పోయి పొద్దుమీకి అస్త. నువ్వు మందు చూస్కో" అన్నాడు.

అత్తమ్మ గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది.

"తల్లి ఉన్న ఇంట్ల నుంచి పయనం కట్టుకుంటవారా? నన్ను దాటుకుంట పో."

"అవ్వా, అది శాప!"

"దాటు. నా మీద నుంచి దాటు."

యాభైకి దగ్గరవుతున్న మనిషి కాసేపు సంచి పట్టుకుని నిలబడి, మళ్లీ లోపల పెట్టేశాడు. అవేజ్‌కు ఫోన్ చేసి ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేదన్నాడు. అదేమీ అబద్ధం కాదు, ఆలోచిస్తే. పంతొమ్మిదిన ఆఖరి బ్యాచ్ ఉందట, అదీ తప్పితే ఇక అడగొద్దన్నాడట.

నాకు మండిపోయింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. మూఢనమ్మకాలు వద్దని అత్తమ్మకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. మధ్యలో దూరడం ఎందుకని ఊరుకున్నాను, అంతే.

మే 9, శుక్రవారం

ఇవాళ పాలకూర ఉడకబెట్టి ఒక ఆకు చువ్వకు గుచ్చి పట్టుకుంటే పసుపు చేప వచ్చి కొరికింది. నా చేతి నుంచి! "చూడు, చూడు" అని అరిచాను. సంపత్ పరుగెత్తుకుని వచ్చాడు. ఇద్దరం నేల మీద కూర్చుని అది తినడం చూశాం. మా మోకాళ్లు తగిలాయి. కొత్త పెళ్లివాళ్లలా ఇద్దరం సర్దుకుని కూర్చున్నాం. ఎంత సిగ్గు, ఈ వయసులో.

తిన్నదంటే తేరుకుంటున్నట్టే అన్నాడు. నేను చువ్వ కడిగి బోర్లించాను.

చస్తే పోతాడు. బతికినా పోతాడు. ఆయన ఇంట్లో ఉండాలంటే అది చావకుండా, బాగుపడకుండా మూలన నిలబడి ఉండాలి. నేను దానికి పాలకూర ఉడకబెడుతున్నాను.

మే 11, ఆదివారం

ఇవాళ్టి సంగతి అంతా రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు.

పొద్దున టార్చి తీసుకుని వెనక గదిలోకి వెళ్తే చిన్న తొట్టిలో నీళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. చేప కనిపించడం లేదు. నీళ్ల మీద రెండు వేపాకులు తేలుతున్నాయి. గట్టిగా కేక పెట్టాను. సంపత్ ఒక్క అంగలో వచ్చి వల వేసి వెతికాడు. పసుపు నీళ్లలో పసుపు చేప, ఎక్కడ దొరుకుతుంది! అడుగున ఒక పక్కకు ఒరిగి, మొప్పలు ఎగరేస్తూ దొరికింది. బకెట్లో కొత్త ఉప్పునీళ్లు పట్టి, వేడి చూసి, అందులోకి మార్చాడు. తొందరలో సగం నీళ్లు నేల మీద ఒలకబోశాడు. చేతులు నీళ్లలో ఉండగా ఆయన తొందరపడడం నేనెప్పుడూ చూడలేదు.

నేను నేరుగా వంటింట్లోకి పోయాను.

"ఏం చేసినవ్ అత్తమ్మా? దాన్ని సంపుతవా? అది సచ్చిన తెల్లారే నీ కొడుకు బస్సెక్కుతడు, ఎర్కేనా? నీ పసుపు, నీ యాపాకు నెత్తిన పెట్టుకొని ఇద్దరం కూసుందాం!"

ఇంట్లో గొంతు పెంచొద్దన్న మనిషి ముందు వీధి చివరి దాకా వినబడేలా అరిచాను. ఆవిడ పొయ్యి ఆపింది. పీట నా వైపు జరిపింది.

"కూసో బిడ్డా. నాకు తెల్వదా గది శాపనని? శాపకు తల్లి పోస్తదా యాడనన్న?"

నేను పీట మీద కూర్చున్నాను.

"మీ మామ బొంబాయి పోతనన్నప్పుడు నేను నోరిప్పలే. వీడు మొదటిపారి దుబాయి పోయినప్పుడు గూడ నోరిప్పలే. పో కొడుకా, మంచిగ పో అన్న. ఈపారి నోరిప్పుదామంటె ఏమని ఇప్పాలె? పోకంటే ఇంటడా? తల్లి పేరు చెప్తె ఇంటడు. చిన్నప్పటి సంది గామె అంటే భయం వానికి."

"మరి పసుపెందుకు కలిపినవ్?"

"ఆమె పేరు అబద్ధానికి వాడుకుంటి గద. పసుపు గూడ పెట్టకుంటే ఆమెకు కోపం రాదా?"

దీనికి ఏ సైన్సు పుస్తకంలో జవాబుందో నాకు తెలియదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏడుపే ముందొచ్చింది. అత్తమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగుకు కూడా పసుపే.

"నువ్వన్న చెప్పరాదు వానికి, ఉండుమని?"

"నేనెందుకు చెప్త? ఆయనిష్టం."

"గదే నేను గూడ అనుకుంట అనుకుంట ముసలిదాన్నయిన" అంది.

పసుపు చేప సాయంత్రానికి నిటారుగా నిలబడింది. మందు మళ్లీ కొత్తగా కలిపాం.

మే 14, బుధవారం

చుక్కలు తగ్గుతున్నాయి. మొప్ప దగ్గర కొన్ని, తోక దగ్గర కొన్ని.

మే 15, గురువారం

ఇంకా తగ్గాయి.

మే 16, శుక్రవారం

రుక్సానా గేటు దగ్గర నిలబడి మాట్లాడింది. వాళ్లాయన ఖాసిం మూడు రంజాన్‌ల నుంచి వస్తానంటూనే ఉన్నాడు సౌదీ నుంచి.

"మా ఆయన అస్తనంటే ఏదో ఒకటి అడ్డం పడ్తది. మీ ఆయన పోతనంటే చాప అడ్డం పడ్తది. మంచి చాపనే దొరికింది పద్మక్కా మీకు. ఫికర్ చెయ్యకు, దానికి ఇంకో నాల్గొద్దులు తబియత్ ఖరాబే ఉంటది, మంచిగ గాదు" అని కన్ను కొట్టింది.

"అది బాగుపడాలనే కదా ఇంత చాకిరీ చేస్తున్నది" అన్నాను, కొంచెం కోపంగానే. నిజమే కదా. మందు వేసేది నేను, పాలకూర పెట్టేది నేను. అది బాగుపడకూడదని ఎందుకు అనుకుంటాను?

మే 17, శనివారం

చెబుదామని రెండుసార్లు ఆయన దగ్గరికి వెళ్లాను. మొదటిసారి, "కరెంటు బిల్లు కట్టినవా?" అని అడిగాను. రెండోసారి, చొక్కా గుండీ ఊడిందని చెప్పాను. ఊడలేదు.

మే 18, ఆదివారం

రేపే పంతొమ్మిది. పొద్దున మొదటి బస్సుకు పోతే అందుతుంది. సంచి మళ్లీ గోడకు ఆనించి ఉంది. అత్తమ్మ ఈసారి గడప మీద కూర్చోలేదు. మంచంలో అటు తిరిగి పడుకుంది. ఆమె చేయగలిగింది చేసింది.

భోజనాలయ్యాక టార్చి తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను. పసుపు చేప నన్ను చూసి గాజు దగ్గరికి వచ్చింది, పాలకూర తెచ్చానేమోనని. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. రెక్కలు చూశాను. చిరిగిన తోక కూడా అతుక్కుంది. ఒక్క చుక్క లేదు. పెళ్లికూతురిలా ఉంది. ఎంత కోపం వచ్చిందో దాని మీద! ఇన్నాళ్లు ఎండలో, కూలర్ లేకుండా, తాలింపు లేకుండా చాకిరీ చేయించుకుని, సరిగ్గా ఇవాళే బాగుపడాలా?

సంపత్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎట్లున్నది?"

అబద్ధం ఆడితే సులువు. నిజం చెబితే ఇంకా సులువు, చేప బాగుందని చెబితే సరిపోతుంది. నాకు చెప్పాలని ఉన్నది ఈ రెండూ కాదు. పోకు. ఈ ఇంట్లో గ్లాసులు ఎక్కడుంటాయో నేర్చుకో. దుకాణం నడవకపోతే నడవకపోనీ, నా జీతం ఉంది, ముగ్గురం తింటాం. నాకు ఫోన్లో మొగుడు వద్దు. నువ్వు కావాలి. ఇదంతా చెప్పాలనే నోరు తెరిచాను.

"తోక కాడ ఒక చుక్క ఉన్నది" అన్నాను.

ఆయన లోపలికి వచ్చాడు. నా పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను టార్చి వేసి పట్టుకున్నాను, వెలుతురు తొట్టి నిండా ఊగింది. చేప మా ఇద్దరి ముందు నుంచి మెల్లగా ఇటు నుంచి అటు పోయింది, అటు నుంచి ఇటు వచ్చింది. శుభ్రంగా, నిండుగా, మచ్చ లేకుండా. చాలాసేపు చూశాడు. చేపను కొంచెం, నన్ను కొంచెం.

"ఒకటి కాదు" అన్నాడు. "రెండున్నయి."